ఏడో వరసలో కనిపించని స్పేస్

జూన్ 19

కొండ మీది పంపకం అధికారి వకుళ గారికి,

ఈ చిట్టా ఇప్పుడే రాసి పంపడానికి కారణం ఒక్కటే. ఈ నెల ఇరవై ఆరున ఏడో వరసలో నలభైకి పైగా ఇళ్లకు మంచినీళ్లు ఆగిపోతాయి. వాటిని ఆపబోయేది నేను రాసిన పరీక్ష. ఆ పరీక్షలో తప్పు లేదు. ఆ ఇళ్ల వాళ్లు చేసిన తప్పు కూడా నాకు కనిపించడం లేదు. మరి తప్పు ఎక్కడుందో నాకు తెలియడం లేదు.

మీకు జరిగింది జరిగినట్టు తెలియాలని నా రోజువారీ చిట్టాలోంచి కావలసిన రోజులు ఎత్తి రాస్తున్నాను. దిద్దలేదు. నేను అయోమయంలో రాసినవి అయోమయంగానే ఉంటాయి. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ బడికి వెళ్లలేదు, అందుకని ఇలాంటి కాగితం ఎలా రాయాలో అడగడానికి ఇంట్లో మనిషి లేరు. మర్యాదలో లోపం ఉంటే మన్నించండి.

జూన్ 8

కొత్త పంపకం యంత్రం కొండ మీద నుంచి వచ్చింది. ఇరవై ఆరు నుంచి సముద్రం మీద తేలే మా కొత్తతెప్పల్లోని ఇళ్లన్నింటికీ అదే నీళ్లు వదులుతుంది. ఇంటికి రోజుకు ఆరు బిందెలు.

పాత యంత్రం ఒక్కో ఇంటి కోడ్‌ను, అంటే గడప పలక మీద ఇంటివాళ్లు అతికించి కొట్టుకున్న పేర్లను, విడివిడిగా చదివేది. కొత్తది అన్ని ఇళ్ల కోడ్‌లనూ ఒకే పొడుగాటి వరసగా చదువుతుంది. ఒక ఇల్లు ఎక్కడ అయిపోయిందో, ఇంకో ఇల్లు ఎక్కడ మొదలైందో దానికి తెలిసేది మధ్యలో ఉండే స్పేస్‌తోనే. కాబట్టి ఏ ఇంటి కోడ్‌లోనైనా లోపల స్పేస్ ఉంటే, యంత్రం ఆ ఇంటిని రెండిళ్లనుకుంటుంది. అలాంటి కోడ్‌లను ముందే పట్టుకోవాలి; ఇరవై ఆరులోగా సరిదిద్దని ఇంటికి నీళ్లు వదలరు. నాకిచ్చిన పని అది. కోడ్‌లో స్పేస్ ఉందా అని అడగాలి. ఉంది, లేదు, రెండే జవాబులు.

పొద్దున్నే ఇంటి కింది తేలుబల్లలకు పట్టిన నాచు గీకి, నీటి చుక్కల కోసం కట్టిన పొగమంచు వలలు మా వంతువి దులిపి, పదింటికల్లా ఆఫీసుకు చేరాను. మధ్యాహ్నానికి పరీక్ష రాసేశాను. "అమ్మ" అని ఇచ్చాను. లేదు అంది. "అమ్మ నాన్న" అని ఇచ్చాను. ఉంది అంది. చాలా సంతోషమైంది.

పక్క బల్ల మీద పనిచేసే సోమేశు గారు తొంగి చూసి, "ఇంతోటి దానికి మూడు గంటలా? మా గేదె కూడా చెప్పేది," అన్నారు. ఆయనకు గేదె లేదు. ఇక్కడ ఎవరికీ లేదు.

జూన్ 9

అన్ని వరసల మీదా పరీక్ష నడిపాను. ఐదో వరసలో ఒక ఇంటి కోడ్‌లో పేర్ల మధ్య స్పేస్ దొరికింది. వెళ్లి చెబితే వాళ్లు నవ్వి, గడప పలక మీద తీసేసి మళ్లీ కొట్టారు. సరిపోయింది.

నాలుగో వరసలో పంతొమ్మిది ఇళ్లు మూతపడి ఉన్నాయి. మనుషులు కొండకు వెళ్లిపోయారు, కోడ్‌లో ఒక్క అక్షరం లేదు. వాటికి పరీక్ష "లేదు" అంది. నిజమే, ఏమీ లేని చోట స్పేస్ కూడా ఉండదు. కాబట్టి అవి నెగ్గాయి. కానీ ఎందుకో అది రాసుకుంటుంటే చెయ్యి ఆగింది.

తర్వాత ఏడో వరస. నలభై రెండు ఇళ్లు. నలభై ఒక్క ఇళ్లకు "ఉంది".

తెర మీద కోడ్‌లన్నీ మళ్లీ మళ్లీ చదివాను. కోవిరిపైడితల్లిగౌరి. వాసుపల్లికాసులమ్మ. ఇంటి పేరు, మనుషుల పేర్లు, అన్నీ అతుక్కునే ఉన్నాయి. ఎక్కడా స్పేస్ లేదు. ఉంది అంటోంది. లేదు.

జూన్ 11

రెండు రోజులుగా పరీక్షలోనే తప్పు వెతుకుతున్నాను. కొన్ని పేర్లలో ఒత్తు కలవకుండా పొల్లు విడిగా నిలబడటానికి కంటికి కనపడని గుర్తు ఒకటి వేస్తారు. దాన్ని స్పేస్‌గా లెక్కిస్తోందేమో అనుకున్నాను. అలాంటి పేర్లు మూడో వరసలో ఉన్నాయి. వాటికి "లేదు" అనే చెప్పింది. కాబట్టి అది కాదు.

ఏడో వరస ఇళ్లన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. వాటిని పడవ ఇళ్లంటారు. ఆరేళ్ల కిందట, సముద్రంలో మునిగిన పాత రేవులో పంపులు విప్పుకురావడానికి పెద్ద పడవ ఒకటి వెళ్లింది. నలభై రెండు మంది వెళ్లారు. తిరిగి రాలేదు. వాళ్ల కుటుంబాలకు ఒకే వరసలో ఇళ్లిచ్చారు. దానికీ స్పేస్‌కూ సంబంధం ఉందనుకుందామంటే, మా ఇల్లూ ఏడో వరసలోదే. మా నాన్న మైలపల్లి కన్నయ్య కూడా ఆ పడవలోనే వెళ్లాడు. నలభై రెండిళ్లలో పరీక్ష నెగ్గిన ఒకే ఒక్క ఇల్లు మాది. కాబట్టి అదీ కాదు.

ఆ ఒక్క ఇల్లు మాదే కావడం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకే దాన్ని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

జూన్ 12

సోమేశు గారిని అడిగాను. ఆయన గేదె సంగతి ఎత్తలేదు. "నువ్వు కళ్లతో చూస్తున్నావమ్మాయ్, అది లెక్కపెడుతోంది. ప్రతి కోడ్‌కూ అటొక నిలువు గీత, ఇటొక నిలువు గీత వేసి అచ్చు తియ్యి," అన్నారు.

తీశాను. మొదటి గీత అక్షరానికి ఆనుకునే ఉంది. చివరి గీత మాత్రం ఒక అక్షరం దూరంగా నిలబడింది. నలభై ఒక్క ఇళ్లకూ అంతే. స్పేస్ చివర ఉంది. దాని తర్వాత ఏమీ లేదు కాబట్టి కంటికి ఆనలేదు.

కనిపించింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. వేలు జారితే ఒక ఇంట్లో జారుతుంది, రెండిళ్లలో జారుతుంది. నలభై ఒక్క ఇళ్లలో, ఒకే చోట, ఒక్కసారే ఎలా జారుతుంది?

"తీసెయ్యి. ఒక్క వాక్యం పని. చివర ఉన్న స్పేస్‌లు కత్తిరించమని రాయి, ఇంటికి పో," అన్నారు సోమేశు గారు.

"ఇంటి కోడ్‌ను ఇంటివాళ్లే మార్చాలి కదండీ."

"చదువుకున్నవాళ్లతో ఇదే బాధ," అని ఆయన టీ తాగడానికి వెళ్లిపోయారు. ఆయన నాకంటే ఎక్కువ చదువుకున్నారు.

జూన్ 14

ఏడో వరసకు వెళ్లాను. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనుషులే, అయినా చేతిలో ఆఫీసు పలక ఉంటే వాళ్ల ముందు నిలబడటం కొత్తగా ఉంటుంది.

కోవిరి పైడితల్లి పెద్దమ్మ అరుగు మీద నాచు ఆరేస్తోంది. లోపల ఆమె కూతురు గౌరి, పదకొండు రోజుల పసివాడు. బాలింత ఇంట్లో ఆరు బిందెలు ఏ మూలకూ సరిపోవడం లేదని పక్కింటివాళ్లు తమ దాంట్లోంచి రోజూ ఒకటి పోస్తున్నారట.

"పెద్దమ్మా, మీ కోడ్ చివర స్పేస్ ఎందుకు కొట్టారు?" అని అడిగాను.

"మాం అలాటియ్యేవీ కొట్టలేదే తల్లీ. ఏటది, పురుగా?"

"మరోసారి కొట్టి చూపిస్తావా?"

చీర చెంగుకు చెయ్యి తుడుచుకుని గడప పలక దగ్గరకు వచ్చింది. ఆమెకు చదవడం రాదు. మీటల గుర్తు మాత్రం వేళ్లకు తెలుసు. నెమ్మదిగా కొట్టింది. నేను తెర చూస్తున్నాను. అన్ని అక్షరాలూ సరిగ్గా పడ్డాయి. పచ్చ మీట నొక్కింది. నా పలక మీద మళ్లీ "ఉంది" అని వచ్చింది.

"మళ్లీ కొట్టు పెద్దమ్మా."

"ఏటే గుంటా, పనీపాటా లేదేటి నీకు? మీయమ్మతో సెప్తానుండు." అంటూనే మళ్లీ కొట్టింది. ఈసారి తెర చూడలేదు. ఆమె చెయ్యి చూశాను. చివరి అక్షరం అయ్యాక ఆగింది. బొటనవేలితో పొడుగు మీట ఒక్కసారి, మెత్తగా నొక్కింది. అప్పుడు పచ్చ మీట.

"అదిగో, ఆ పొడుగుది ఎందుకు నొక్కావు?"

ఆమె నా వంక చూసిన చూపు ఎలా రాయాలో తెలియడం లేదు. అన్నం ఎందుకు తింటావని అడిగినట్టు చూసింది.

"మీ పెదనాన్నకి గదే. ఇంట్లో ఉన్నోళ్ల పేర్లు కొట్టినాను. ఆయన ఇంట్లో లేడు. ఒచ్చీదాకా సోటు ఒగ్గాల గదా."

గౌరి లోపల్నుంచి అంది, "నీకు తెలీదేటి అక్కా? వరసంతా అంతే. పలకలు పెట్టిన నాడు ఆఫీసాయన్ని అడిగితే, సోటు ఒగ్గాలంటే ఈ పొడుగు మీట నొక్కండని ఆయనే సూపించినాడు."

నాకు తెలియదు. పలకలు పెట్టిన ఏడు నేను కొండ మీద హాస్టల్లో ఉన్నాను. కానీ ఆ పద్ధతి తెలుసు. మాలో మనిషి సముద్రం మీదకు వెళితే, అతని పీట అన్నాల దగ్గర వేసే ఉంచుతారు. వచ్చేదాకా దాని మీద ఎవరూ కూర్చోరు, ఎవరూ తీయరు. తీసిన నాడు ఇంటివాళ్లే అతను రాడని చెప్పినట్టు. మా ఇంట్లోనూ అమ్మ మూడు పీటలు వేస్తుంది. సెలవుల్లో వచ్చినప్పుడూ, ఇప్పుడూ ఆ మూడోదాని పక్కనే కూర్చుని తింటున్నాను. పొడుగు మీట కూడా ఆ పీటేనని నాకు తట్టలేదు.

జూన్ 15

వరసలో మిగతా ఇళ్లకూ తిరిగాను. అందరూ ఒకే మాట. ఇరవై ఆరులోగా అది తీసి మళ్లీ కొట్టకపోతే నీళ్లు ఆగిపోతాయని చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను.

వాసుపల్లి కాసులమ్మ పిన్ని కోప్పడలేదు. చేతిలో వలదారం ఉంది, ముడి వేస్తూనే మాట్లాడింది.

"ఐదేళ్లు ఆ పాత యంత్రానికి అడ్డం రానిది ఈ కొత్తదానికి ఎందుకు అడ్డమొచ్చింది?"

"పాతది చివర ఉన్నదాన్ని పట్టించుకునేది కాదు పిన్నీ. ఇది పట్టించుకుంటుంది. మీ కోడ్ తర్వాత ఇంకో ఇల్లుందనుకుంటుంది. పేరు లేని ఇల్లు. దానికీ ఆరు బిందెలు వదులుతుంది."

"ఆయనొత్తే తాగడా ఏటి?"

నవ్వబోయి ఆగాను. ఆమె కూడా నవ్వలేదు. ఇంకో ముడి బిగించి తనే అంది, "మాకు ఆయన నీళ్లు ఒద్దే. మాది మాకు చాలు. ఆ సోటు మటుకు నాను తియ్యను. నా సేత్తో తియ్యను."

పొగమంచు వలల నుంచి ఈ కాలంలో ఇంటికి బిందెడు రావడమే కష్టం. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా అంది.

ఆఫీసుకు వచ్చి ఒక పరీక్ష చేశాను. నాలుగో వరసలోని మూతపడ్డ ఇంటిని, కాసులమ్మ పిన్ని కోడ్ చివరి స్పేస్‌ను కొత్త యంత్రం నమూనాకు ఇచ్చి చూశాను. రెండు చోట్లా ఆరేసి బిందెలు రాసింది. మనుషులు వదిలి వెళ్లిపోయిన ఇల్లూ, మనిషి కోసం అట్టేపెట్టిన చోటూ దానికి ఒకటే. మొదటిదానికి నా పరీక్ష అడ్డు చెప్పదు, ఇరవై ఆరు నుంచి రోజూ పంతొమ్మిది ఇళ్ల నీళ్లు సముద్రంలోకి పోతాయి. రెండోదాన్ని మాత్రం పట్టుకుంటుంది. పరీక్ష అడిగిన ప్రశ్నకు సరిగ్గానే జవాబు చెబుతోంది. ప్రశ్న సరైనదేనా అన్నది ఎవరిని అడగాలి?

జూన్ 17

ఈ రోజుది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. రాయకపోతే చిట్టా అబద్ధం అవుతుంది.

మా ఇల్లు ఎందుకు నెగ్గింది?

వరసంతా నొక్కితే అమ్మ నొక్కదా? అమ్మ అలాంటి మనిషి కాదు. పలక పాత నమోదులు తెరిచి చూశాను. ఐదేళ్ల కిందట మా కోడ్ మైలపల్లిఎర్రమ్మ. గీతలు వేసి చూస్తే, చివర ఒక అక్షరం దూరం. ఉంది. పోయిన జూలైలో మారింది. మైలపల్లిఎర్రమ్మనూకరత్నం. చివర గీత ఆనుకుని ఉంది.

అది నేనే కొట్టాను. చదువు ముగించి ఇంటికి వచ్చిన రోజు, నా పేరు నేనే చేర్చుకుంటానని సరదాపడ్డాను. అమ్మ పక్కన నిలబడి నా వేళ్లు చూసి మురిసిపోతోంది. తెర మీద, తర్వాతి అక్షరం పడే చోట మెరిసే గుర్తు అమ్మ పేరుకు ఒక అక్షరం అవతల నిలబడి ఉంది. ఏదో వేలు తగిలి పడిందనుకున్నాను. వెనక్కి ఒక్క నొక్కు కొట్టి, పేరు అతికించి కొట్టాను. శుభ్రంగా కనిపించింది.

అంత చదువూ చదివి ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని, నాన్న చోటు తీసెయ్యడం.

జూన్ 18

అమ్మకు చెప్పాను. పొద్దున్నే, వలలు దులిపి వచ్చాక. చెప్పకుండా మళ్లీ ఆ నలభై ఒక్క ఇళ్లకు వెళ్లి "మీరు తీసేయండి" అనలేకపోయాను.

అమ్మ చేపల బుట్ట కడుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఎన్నాళ్లయింది?"

"పోయిన జూలై నుంచి."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "పదకొండు నెల్లు." బుట్ట బోర్లించింది. "పదకొండు నెల్లు ఈ గడప మీద మీ అయ్యకి సోటు లేదన్నమాట. నానేమో పీట ఏసుకుని కూకుంతన్నాను."

"నాకు తెలియదమ్మా. నీ వేలు తగిలిందనుకున్నాను."

"నా ఏలా? నూరు గజాల వల సీకట్లో అల్లుతాను, ఒక్క కన్ను తప్పదు. నా ఏలు తగిలిందనుకున్నావా?" అప్పటికి నా వంక చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో మరి, గొంతు తగ్గించింది. "సర్లే, ఏడవకు. సెప్పకపోడం నా తప్పూ ఉంది. నీకన్నీ తెలుసనుకున్నాను. సదివినదానివి గదా అని."

లేచి పలక దగ్గరకు వెళ్లింది. నేను వెనకే వెళ్లాను.

"అమ్మా, అది నొక్కితే ఇరవై ఆరు నుంచి మనకీ నీళ్లు రావు."

"వరసకి రానప్పుడు మనకెందుకొస్తాయి? ఆళ్ల ముందర మనం తాగుతామా?"

ఆపడానికి నాకు అధికారం లేదు. ఆమె ఇల్లు, ఆమె కోడ్. అధికారం ఉన్నా ఆపేదాన్ని కాదేమో. బొటనవేలు తుడుచుకుని పొడుగు మీట ఒక్కసారి నొక్కింది. పచ్చ మీట నొక్కింది.

ఆఫీసుకు వెళ్లి పరీక్ష నడిపాను. ఏడో వరస, నలభై రెండు ఇళ్లు, నలభై రెండింటికీ "ఉంది".

సోమేశు గారు ఆ అంకె చూసి కుర్చీ నా వైపు తిప్పారు. "ఇప్పుడు కత్తిరించమంటే కత్తిరిస్తావా?" అని అడిగారు. తెలియదండీ అన్నాను. "అయితే పైవాళ్లకు రాయి. తెలియదన్న సంగతే రాయి," అన్నారు.

జూన్ 19

పైన ఉన్నది జరిగింది. ఇప్పుడు అడగవలసింది అడుగుతున్నాను.

నాకు తోచిన దారి ఒకటుంది. గడప పలక మీద ఇంటివాళ్లు కొట్టిన కోడ్‌ను ఎవరూ ముట్టుకోకుండా, యంత్రానికి వెళ్లే ప్రతిలో మాత్రం చివరి స్పేస్ లేకుండా పంపవచ్చు. స్పేస్ పేర్ల మధ్యలో ఉంటే ఆపాలి, చివర ఉంటే ఆపకూడదు. అలా చేస్తే యంత్రం లెక్క తప్పదు, ఎవరికీ ఎక్కువ నీళ్లు పోవు. పరీక్షలో రెండు వాక్యాలు మార్చాలి. గంట పని. అదే చేత్తో, ఒక్క అక్షరమైనా లేని కోడ్‌లను కూడా పట్టుకునే వాక్యం ఒకటి చేర్చవచ్చు. కానీ ఇంటి కోడ్‌ను, దాని ప్రతినైనా సరే, మీ అనుమతి లేకుండా మార్చకూడదని నిబంధన ఉంది. అది మంచి నిబంధనే. కిందటేడు కోడ్‌లు మార్చి నీళ్లు మళ్లించినవాళ్ల వల్ల అది వచ్చిందని నాకు తెలుసు.

ఈ దారి గురించి నిన్న సాయంత్రం వరసలో చెప్పాను. అందరూ తలూపారు. పైడితల్లి పెద్దమ్మ మాత్రం, "మరి యంత్రం కాడ ఆయనకి సోటు ఉంటాదా, ఉండదా?" అని అడిగింది. ఉండదని చెప్పాను. మనవడు ఏడ్చాడు, లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చి, "గడప మీద ఉంటే సాల్లే," అంది. ఆమె ఒప్పుకున్నది సంతోషంగా కాదు. అది కూడా మీకు తెలియాలని రాస్తున్నాను.

నిర్ణయంలో మా ఇల్లు కూడా ఉంది. నేను చెప్పేది నమ్మవద్దనుకుంటే వేరే మనిషిని పంపి పరీక్ష నడిపించండి. పాత నమోదులన్నీ దీంతో జతచేశాను. నేను చెరిపిన రోజుది కూడా అందులో ఉంది.

మీ జవాబు ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం కొండ నుంచి వచ్చే పడవలో నాకు అందితే, ఇరవై ఐదున పరీక్ష మార్చి ఇరవై ఆరు పొద్దునకు సిద్ధం చేయగలను. ఆ తర్వాత వస్తే నా చేతిలో ఏమీ ఉండదు. సరే అనుకుంటే ఒక్క మాట రాసినా చాలు. కాదు అనుకుంటే, ఆ నలభై రెండు ఇళ్లకూ వెళ్లి చెప్పవలసింది నేనే కాబట్టి, ఏమని చెప్పాలో కూడా రాయండి. జూన్ ఇరవై నాలుగులోగా.

మైలపల్లి నూకరత్నం
కోడ్ తనిఖీ, కొత్తతెప్పలు